ఎవరి అహం, ఎవరి దుఃఖం

చావు జరిగిన ఇంట్లో, పెళ్లి చెడిన ఇంట్లో, ఉద్యోగం పోయిన మనిషి ముందు మనవాళ్లు తప్పకుండా అనే మాట ఒకటుంది. బాధంతా నేను, నాది అనుకోవడం వల్లే వస్తుంది, ఆ రెండూ వదిలేస్తే ఏ బాధా ఉండదు అని. ప్రవచనాల్లో చెబుతారు, ధ్యాన శిబిరాల్లో చెబుతారు, పదోరోజు భోజనాల దగ్గర చుట్టాల్లో పెద్దవాళ్లు చెబుతారు. అది తేలిగ్గా తీసిపారేసే మాటేమీ కాదు. దాని వెనక రెండున్నర వేల ఏళ్ల ఆలోచన ఉంది. అయినా విన్న ప్రతిసారీ నాకు ఒకటి అడగాలనిపిస్తుంది: ఎవరి అహం? బాధపడుతున్న మనిషిదా, బాధపెట్టిన మనిషిదా? ఈ ప్రశ్న పెట్టుకుని పాత గ్రంథాలనూ, ఇటీవలి మనోవైద్య పరిశోధనలనూ, మన సమాజ చరిత్రనూ తిరగేస్తే ఈ సిద్ధాంతం ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చాలావరకు తేలుతుంది.

బుద్ధుడితో మొదలుపెట్టడం న్యాయం. సారనాథ్‌లో చేసిన తొలి బోధలో ఆయన దుఃఖానికి కారణంగా చూపింది తృష్ణను. దాని తర్వాతి బోధలో, శరీరంలో గానీ మనసులో గానీ ఇది నేను, ఇది నాది అని పట్టుకోదగ్గది ఏదీ లేదని విడమరిచాడు. అంటే మనం చావింట్లో వినే మాటకు మూలపాఠం ఇదే. కానీ ఆ మాటను బుద్ధుడు నిజంగా ఒక తండ్రికి చెప్పినప్పుడు ఏం జరిగిందో మజ్ఝిమ నికాయంలోని పియజాతిక సుత్తంలో ఉంది. ఈ చర్చలో దిగేవాళ్లంతా దాన్ని ఒకసారి చదవాలి.

శ్రావస్తిలో ఒక గృహస్థుకు ఒక్కగానొక్క కొడుకు పోయాడు. అతనికి పని మీద మనసు పోయింది, తిండి సహించలేదు. రోజూ శ్మశానానికి వెళ్లి, ఎక్కడున్నావు నాయనా అని ఏడ్చేవాడు. ఆ స్థితిలో బుద్ధుడి దగ్గరకు వచ్చాడు. అతని వాలకం చూసి బుద్ధుడు సంగతి అడిగాడు, విన్నాడు, శోకమూ విలాపమూ పుట్టేది ప్రియమైనవాళ్ల నుంచే అన్నాడు. తండ్రికి ఆ మాట ఎక్కలేదు. ప్రియమైనవాళ్ల నుంచి పుట్టేది సంతోషం గదా అని విసుక్కుని లేచిపోయాడు. దగ్గర్లో పాచికలాడుతున్న జూదరులకు చెప్పుకుంటే వాళ్లూ నీదే నిజమన్నారు. కథ అంతఃపురం దాకా పాకింది. పసేనది రాజు బుద్ధుడి మాటను తప్పుబట్టబోయాడు. రాణి మల్లిక వాదనకు దిగలేదు. మన కూతురు వజిరి అంటే మీకు ప్రేమ కదా, ఆ పిల్లకేమన్నా అయితే మీకెలా ఉంటుంది అని మాత్రం అడిగింది. రాజు తనలోకి తాను చూసుకున్నాడు, ఒప్పుకున్నాడు.

ఒకటే మాట. కొడుకు పోయిన తండ్రికి అది పుండు మీద కారమైంది. కూతురు కళ్లెదుట క్షేమంగా ఉన్న రాజుకు జ్ఞానమైంది. మాట నిజమా అబద్ధమా అన్నది తేల్చినంత మాత్రాన సరిపోదు, అది ఎవరికి, ఏ వేళ, ఏ చోటు నుంచి చెబుతున్నామన్నది కూడా దాని నిజంలో భాగమే అని ఈ కథ చదివాక నాకు అనిపించింది. కిసా గోతమి విషయంలో బుద్ధుడు ఇంకో దారి తొక్కాడని మనందరికీ తెలుసు. చచ్చిన బిడ్డను చంకనేసుకుని వచ్చిన తల్లికి ఆయన మమకారం గురించి ఒక్క ముక్క చెప్పలేదు. చావు ఎరగని ఇంటి నుంచి గుప్పెడు ఆవాలు తెమ్మన్నాడు. ఆమె ఇల్లిల్లూ తిరిగింది, ప్రతి గడపలోనూ ఎవరో ఒకరు పోయినవాళ్ల పేరు చెప్పారు. ఆమె తన శోకాన్ని ఊరి శోకంలో కలుపుకుంది, తర్వాత సన్యసించింది. అది ఆమె నడిచి చేరుకున్న చోటు.

బుద్ధుడి సిద్ధాంతం మనం అనుకునేంత విశాలమైనది కాదని చెప్పే చోట్లు ఇంకా ఉన్నాయి. రెండు బాణాల ఉపమానం చూడండి. మొదటి బాణం ఒంటికి తగిలిన నొప్పి. రెండోది ఆ నొప్పి చుట్టూ మనసు పేర్చుకునే ఏడుపు, కోపం, నాకే ఎందుకిలా అన్న రంధి. తెలిసినవాడికి రెండో బాణం తగలదని ఆయన చెప్పాడు. మొదటిది తగలదని ఎక్కడా అనలేదు. అంతకంటే సూటిగా ఉండేది సీవక సుత్తం. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనని కొందరంటున్నారు, మీరేమంటారు అని సీవకుడనే పరివ్రాజకుడు అడిగితే బుద్ధుడు కాదన్నాడు. పిత్తం వల్ల, కఫం వల్ల, వాతం వల్ల, ఆ మూడూ కలిసి, రుతువులు మారడం వల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, ఎవరో వచ్చి కొట్టడం వల్ల కూడా బాధలు కలుగుతాయని, కర్మ వాటిలో ఒకటి మాత్రమేనని, ఇది ఎవరికి వాళ్లు చూసి తెలుసుకోగలిగినదేనని వివరించాడు. ఎవరో కొట్టడం వల్ల కలిగే బాధ అన్న పద్దు ఆ జాబితాలో ఉండటం చిన్న విషయం కాదు. దెబ్బ తిన్నవాడి లోపల కారణం వెతకనక్కర్లేని బాధ ఒకటుందని బుద్ధుడే ఒప్పుకున్నట్టు.

మన దర్శనాలు కూడా ఈ జాగ్రత్త పాటించాయి. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక మొదలయ్యేదే మూడు రకాల దుఃఖంతో. తనలో పుట్టేది, తోటి ప్రాణుల వల్ల వచ్చేది, దైవికంగా మీద పడేది. పతంజలి క్లేశాలను ఐదుగా చెప్పాడు: అవిద్య, అస్మిత, రాగం, ద్వేషం, అభినివేశం. నేను అన్న భావం అందులో రెండోది. దాని కింద అవిద్య ఉంది, మిగిలిన నాలుగూ అందులోంచే మొలుస్తాయి. బ్రహ్మసూత్ర భాష్యానికి రాసిన ఉపోద్ఘాతంలో శంకరుడు అధ్యాసను వివరిస్తూ, పెళ్ళాం పిల్లలకు బాగాలేకపోతే తనకే బాగాలేదనుకునే మనిషిని ఉదాహరణగా చూపాడు. ఆయన దృష్టిలోనూ అసలు వేరు అజ్ఞానమే, నేను నాది అన్నవి దాని మొలకలు. భగవద్గీత రెండో అధ్యాయంలోని పతనక్రమం ఆసక్తి కంటే ఒక మెట్టు ముందు, విషయాలను మనసులో తిప్పుకోవడంతో మొదలవుతుంది. కాబట్టి అహంకార మమకారాలే మూలం అని తేల్చి చెప్పడం మన కాలపు కుదింపు. పెద్దలు వాటిని గొలుసులో నడిమి కొక్కేలుగా చూశారు.

భక్తి మార్గానికి ఈ ప్రశ్న మీద ఉన్న పట్టు వేరు, అక్కడ లెక్కే మారిపోతుంది. గోల్కొండ చెరలో పడ్డ కంచర్ల గోపన్నను తలచుకోండి. పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించాడని తానీషా ఖైదు చేయించాడు. చెరలో ఆయన పాడుకున్న కీర్తనల్లో నేను, నాది చచ్చిపోలేదు, పదింతలయ్యాయి. దేవుడికి ఏ నగ ఎన్ని వరహాలు పెట్టి చేయించాడో లెక్క అప్పజెప్పాడు, నిలదీశాడు, తిట్టాడు, తిట్టినందుకు వెంటనే క్షమాపణ కోరాడు. మూడు వందల ఏళ్లకు పైగా తెలుగువాళ్లు ఆ పాటలు పాడుకుంటున్నది ఆ మమకారం కోసమే. మమకారాన్ని తీసేయకుండా దానికి ఇంకో చోటు చూపించడం అన్న ఈ మూడో దారిని, వదిలేయడం ఒక్కటే మార్గమన్నట్టు మాట్లాడేవాళ్లు మర్చిపోతుంటారు.

పాత గ్రంథాలను ఇక్కడ ఆపి, గత నూరేళ్లలో పోగైన సాక్ష్యం చూద్దాం. బంధం దుఃఖహేతువు అన్న మాటకు మొదటి గట్టి దెబ్బ పసిపిల్లల నుంచి తగిలింది. రెనె స్పిట్జ్ అనే వైద్యుడు 1945లో రెండు చోట్ల పెరుగుతున్న శిశువులను పోల్చాడు. ఒకటి అనాథాశ్రమం. శుభ్రత ఉంది, తిండి ఉంది, వైద్యం ఉంది, కానీ ఒక్క దాది చేతిలో చాలామంది పిల్లలు. రెండోది జైలుకు అనుబంధంగా ఉన్న శిశుశాల, అక్కడ ఖైదీ తల్లులే తమ బిడ్డలను చూసుకునేవాళ్లు. జైలు పిల్లలు మామూలుగా పెరిగారు. అనాథాశ్రమంలో పిల్లలు మాటా నడకా రాక, చుట్టూ ఉన్నదేదీ పట్టకుండా అయిపోయారు. రెండేళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయారు. ఆ తర్వాత జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక, 1969 నుంచి 1980 దాకా వెలువరించిన మూడు సంపుటాలు ఈ సంగతిని సిద్ధాంతంగా నిలబెట్టాయి. రుమేనియాలో చౌషెస్కూ పాలన పోయాక అనాథాశ్రమాల్లో తేలిన పిల్లల మీద 2000లో బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం మొదలైంది. 136 మంది పిల్లల్లో సగం మందిని చీటీ వేసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాల్లో పెట్టారు. కుటుంబాల్లోకి వెళ్లినవాళ్ల తెలివితేటలు, అనుబంధాలు మెరుగుపడ్డాయి, ఎంత చిన్న వయసులో వెళితే అంత బాగా.

ఇంత తెలిశాక బంధమే దుఃఖమూలం అని ఎవరైనా అంటే ఒప్పుకోలేం. ఒకరిని గట్టిగా పట్టుకుని ఉన్న పిల్ల ధైర్యంగా ఆ ఒడి దిగి ఆడుకోవడానికి పోతుంది, పట్టుకోవడానికి ఎవరూ లేని పిల్ల కదలదు. వదలగలిగే శక్తి కూడా బంధం ఇచ్చిందే. పెద్దయ్యాక మనం చూసే పీకులాట, అనుమానం, ఒకరిని ఊపిరాడనివ్వకుండా చేసే ప్రేమ చాలాసార్లు బంధం ఎక్కువై వచ్చినవి కావు, చిన్నప్పుడు సరిపడా దొరకక వచ్చినవి.

మరి అహం మాటేమిటి? నేను చుట్టూ తిరిగే ఆలోచన బాధను పెంచుతుందన్న దానికి సాక్ష్యం గట్టిగానే ఉంది. ధ్యానం చేసేవాళ్ల మెదడు చిత్రాల్లో అహం అడ్రసు దొరికిపోయిందని పత్రికల్లో వచ్చే రాతలను నేను పెద్దగా పట్టించుకోను. అంతకంటే విలువైనది కుంగుబాటు మీద జరిగిన ఒక వైద్య ప్రయోగం. జాన్ టీస్‌డేల్, జిండెల్ సీగల్, మార్క్ విలియమ్స్ తదితరులు 2000లో దాని ఫలితాలు ప్రచురించారు. కుంగుబాటు నుంచి కోలుకున్న 145 మందిని తీసుకుని, కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితో పాటు ధ్యానం కలిసిన శిక్షణ ఇచ్చారు. వచ్చే ఆలోచనను ఇది నేను అనుకోకుండా, వచ్చిపోయే ఆలోచనగా చూడటం ఆ శిక్షణ సారాంశం. అంతకు ముందు మూడుసార్లు లేక అంతకు మించి కుంగుబాటు వచ్చినవాళ్లలో, మామూలు వైద్యంతో ఉన్న వర్గంలో 66 శాతం మందికి జబ్బు తిరగబెడితే, శిక్షణ పొందిన వర్గంలో 37 శాతం మందికే తిరగబెట్టింది. మాత్ర వేయకుండా అంత తేడా రావడం గొప్ప విషయం.

ఇక్కడితో ఆగితే బుద్ధుడు గెలిచినట్టే. కానీ అదే ప్రయోగంలో, రెండేసార్లు కుంగుబాటు వచ్చినవాళ్లకు ఆ శిక్షణ వల్ల లాభం కనిపించలేదు. హెలెన్ మా, టీస్‌డేల్ కలిసి 75 మందితో మళ్లీ చేసిన ప్రయోగం 2004లో వెలువడింది. ఫలితం అదే. పలుమార్లు వచ్చినవాళ్లలో తిరగబెట్టడం 78 శాతం నుంచి 36 శాతానికి పడింది, రెండుసార్లు వచ్చినవాళ్లకు ఉపయోగం లేదు. కారణం వెతికితే, ఈ రెండో రకం వాళ్లకు జబ్బు తిరగబెట్టడం ఎక్కువగా జీవితంలో జరిగిన పెద్ద సంఘటనల వెంట జరుగుతోందని తేలింది. మొదటి రకం వాళ్లకు బయట ఏమీ జరగకపోయినా మనసు పాత గాడిలో పడి తనను తాను తవ్వుకోవడంతోనే జబ్బు లేచేది. లోపలి నుంచి పుట్టే బాధకు లోపలి మందు పనిచేసింది. బయటి దెబ్బతో వచ్చిన బాధకు అది సరిపోలేదు. ఈ చర్చకు నాకు దొరికిన సాక్ష్యాల్లో ఇంత స్పష్టమైనది ఇంకోటి లేదు.

లోపలి నుంచి పుట్టే బాధ ఎంత దూరం తీసుకుపోతుందో పల్లెల్లో గట్టు తగాదాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేనెరిగిన ఒక కుటుంబంలో అన్నదమ్ముల మధ్య అడుగు వెడల్పు గట్టు కోసం గొడవ మొదలైంది. సర్వేయరు వచ్చి గొలుసు పట్టి కొలిచి రాళ్లు పాతితే, తెల్లారేసరికి ఒక రాయి పక్కకు జరిగింది. స్టే తెచ్చుకున్నారు, వాయిదాలకు తిరిగారు. ప్లీడరు ఫీజులకు తమ్ముడు అరెకరం అమ్మాడు, ఆ గట్టు మీద పండేది ఏడాదికి రెండు గంపల కందికాయలు. అన్న కూతురి పెళ్లికి తమ్ముడు వెళ్లలేదు, ఊరి చివర బండి మీద కూర్చుని పందిట్లో మేళం వింటూ ఏడ్చాడని తర్వాత తెలిసింది. ఆ ఏడుపుకు మూలం వెతకడానికి అహంకారం దాటి పోనక్కర్లేదు. నా మాట నెగ్గాలి అన్న పంతం ఒక్కటి తీసేస్తే అక్కడ దుఃఖమే లేదు. సిద్ధాంతం ఇలాంటి చోట అక్షరాలా నిజం. అందుకే అది ఇన్ని శతాబ్దాలు బతికింది.

ఇప్పుడు భారతంలో కౌరవసభకు వద్దాం. నన్నయ తెనిగించిన సభాపర్వం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మయసభలో నవ్వులపాలైన దుర్యోధనుడు అవమానంతో కాలిపోతూ ఇంటికి వచ్చాడు. అతని బాధ అహం దెబ్బతిని పుట్టింది. ధృతరాష్ట్రుడికి కొడుకు చేస్తున్నది తప్పని తెలుసు, చెప్పలేడు, అతని బాధ మమకారంలోంచి పుట్టింది. ధర్మరాజు జూదం మీద యావ ఆపుకోలేక ఓడిపోతూ పోయాడు. ముగ్గురి దుఃఖాలకూ మూలం వాళ్లలోనే ఉంది, సిద్ధాంతం ముగ్గురికీ సరిపోతుంది. అదే సభలోకి ద్రౌపదిని జుట్టు పట్టి ఈడ్చుకొచ్చారు. ఆమె దుఃఖానికి మూలం ఏమిటి? ఆమె అహమా, ఆమె మమకారమా? మూలం అహమే, సందేహం లేదు. కాకపోతే అది దుర్యోధనుడిది. మమకారమే, అది ధృతరాష్ట్రుడిది. ఒకరి అహానికి ఫలం ఇంకొకరు అనుభవించే ఈ లెక్కను, ఎవరి దుఃఖానికి వాళ్ల అహమే మూలం అనే సూత్రంలో ఇమడ్చలేం. ఆ సభలో ద్రౌపది నేను అన్న భావాన్ని వదులుకోలేదు. తన్ను తానోడి నన్నోడెనా, నన్నోడి తన్ను తానోడెనా అని పెద్దలను నిలదీసింది. ఆ రోజు ఆ సభలో ధర్మం తరఫున లేచిన కొద్ది గొంతుల్లో ఒకటి ఆ నేనుదే.

మన చరిత్రలో ఇలాంటి దుఃఖాలు లెక్కలేనన్ని. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేనాటికి, ఎనిమిదో ఏటో తొమ్మిదో ఏటో పెళ్లయి కాపురానికి వెళ్లకుండానే మొగుడు పోయిన పిల్లలు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. జుట్టు తీయించి, ఒక్కపూట తిండి పెట్టి, వాళ్లకు వైరాగ్యం బోధించారు. రాగం అంటే ఏమిటో ఎరగని పిల్లకు వైరాగ్యం చెప్పడం కంటే క్రూరమైన పని నాకు తోచదు. ఆ పిల్ల దుఃఖానికి మందు చట్టంలో, చదువులో, మళ్లీ పెళ్లిలో ఉంది. మందు అక్కడ పనిచేసిందంటే కారణం కూడా అక్కడే ఉందన్నమాట.

ఇదే ప్రశ్నను అంబేద్కర్ తాను స్వీకరించిన ధర్మం లోపలే లేవనెత్తాడు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న ఆయన, మరణం తర్వాత 1957లో అచ్చయిన బుద్ధుడు-ధమ్మం గ్రంథానికి రాసుకున్న ముందుమాటలో, చతురార్యసత్యాలు బుద్ధుడి అసలు బోధలో భాగమేనా లేక తర్వాత భిక్షువులు చేర్చినవా అని అడిగాడు. బతుకంతా దుఃఖమే అంటే మనిషికి ఆశ లేకుండా పోతుందని, బౌద్ధానికి కొత్తవాళ్లు రాకుండా ఇది అడ్డుపడుతుందని ఆయన వేదన. ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని మనిషికి, నీ తృష్ణే నీ దుఃఖానికి కారణం అని చెబితే ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? పండితులు ఆయన పాఠ విమర్శతో ఏకీభవించరు, నాలుగు సత్యాలు పాత పొరల్లోనే ఉన్నాయంటారు. నేనూ వాళ్ల పక్షమే. అయినా ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు పాఠ విమర్శలో దొరకదు. మనిషిగా నిలబడటానికి కనీసం ఒక నేను కావాలి. ఆత్మగౌరవం కోసం తరతరాలుగా పెనుగులాడిన వాళ్లకు అహం వదులుకోమని చెప్పే హక్కు, ఆ గౌరవం పుట్టుకతోనే దొరికినవాళ్లకు లేదు. ఆడవాళ్ల విషయంలో రంగనాయకమ్మ నవల జానకి విముక్తి, ఓల్గా నవల స్వేచ్ఛ చెప్పిందీ ఇంచుమించు ఇదే. త్యాగం చేసి చేసి నేను అన్నదే మిగలని మనిషికి రోగం అహం కాదు, అహం లేకపోవడం.

ఎవరి అహమూ సూటిగా కారణం కాని బాధలు కూడా ఉన్నాయి. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో మనుషుల ఎముకలు వంగిపోవడానికి తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1937లో వైద్యులు ప్రకటించారు. తర్వాత నల్లగొండ పేరు ఆ జబ్బుకు పర్యాయపదమైంది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోరునీళ్లు తాగి, ఇరవై ఏళ్లకే నడుం వంగి, గోడ పట్టుకుని నడిచే మనుషులను మర్రిగూడ వైపు వెళ్లినవాళ్లు చూశారు. సున్నం, పటిక కలిపి నీటిని శుద్ధి చేసే నల్లగొండ పద్ధతిని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించారు, నది నీళ్లు పైపుల్లో వచ్చాయి. తర్వాతి తరం పిల్లల ఎముకలు నిటారుగా నిలబడుతున్నాయంటే ఆ నీళ్ల వల్లే. ఆ వంగిన మనిషికి రెండో బాణం కూడా తగిలి ఉండొచ్చు, మనసును సముదాయించుకుంటే కొంత తేలిక పడొచ్చు. కానీ ఊరికి ముందు కావలసింది మంచినీళ్లు.

అన్యాయానికి గురైన మనిషికి లోపలి మందు అక్కర్లేదని నేననడం లేదు. పగ కూడా కాలుస్తుంది, ఏళ్ల తరబడి కాలుస్తుంది. ఎప్పుడు దించుకోవాలో, అసలు దించుకోవాలో లేదో నిర్ణయించుకోవలసింది మాత్రం మోసే మనిషే. చలం జీవితం ఈ విషయంలో ఆలోచించదగ్గది. సగం జీవితం స్త్రీ దుఃఖానికి మూలం పెళ్లిలో, ఇంట్లో, సంఘంలో ఉందని రాసిన మనిషి 1950లో అరుణాచలం వెళ్లి, 1979లో పోయేదాకా రమణుల నీడలోనే గడిపాడు. ఓడిపోయి వెళ్లాడని కొందరు, దారి దొరికి వెళ్లాడని కొందరు వాదిస్తారు. నా మటుకు ఆ రెండు చలాల మధ్య వైరుధ్యం కనిపించదు. ఊరు తనకూ, ఆడవాళ్లకూ చేసినదాని గురించి మొదటి చలం రాసింది నిజం. తనలో మిగిలిన అశాంతి గురించి రెండో చలం వెతుక్కున్నదీ నిజం. అరుణాచలం వెళ్లాక తన నవల మైదానంలోని రాజేశ్వరికి ఆయన వైరాగ్యం బోధించలేదు.

జిడ్డు కృష్ణమూర్తి సంగతి ఇంకా సున్నితమైనది. నేను ఉన్నంతకాలం దుఃఖం ఉంటుందని ఆయన అరవై ఏళ్లు చెప్పాడు. మదనపల్లెలో పుట్టిన ఆయననూ, ఆయన తమ్ముణ్ణీ చిన్నతనంలోనే దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పెంపకానికి తీసుకున్నారు. తమ్ముడు నిత్యానంద క్షయతో బాధపడుతుంటే, అతనికేమీ కాదని, పై లోకపు గురువులు కాపాడతారని పెద్దలు నమ్మించారు. కృష్ణమూర్తి నమ్మాడు. 1925 నవంబరులో ఆయన ఓడలో ఇండియాకు వస్తూ సూయజ్ ప్రాంతంలో ఉండగా, కాలిఫోర్నియాలో తమ్ముడు పోయాడన్న తంతి అందింది. రాత్రుళ్లు నిద్రలో తమ్ముణ్ణి పిలుస్తూ, తెలుగులో పలవరిస్తూ ఏడ్చాడని అదే గదిలో ప్రయాణించిన శివరావు రాశాడు. ఆ భాష అప్పటికే ఆయన మర్చిపోయాడని చుట్టూ ఉన్నవాళ్లు అనుకునేవారు. ఓడ కొలంబో చేరేసరికి ఆయన ముఖం తేటపడింది. నాలుగేళ్లకు, 1929లో, తనను జగద్గురువుగా నిలబెట్టిన సంస్థను తానే రద్దు చేశాడు. ఆయన బోధకు వేరు ఆ ఓడ గదిలో ఉందని నాకనిపిస్తుంది. తమ్ముడంటే మమకారం లేనివాడు కాదు ఆయన. ఆ మమకారం మిగిల్చిన శోకంలోంచి పూర్తిగా, ఏ ఓదార్పూ పట్టుకోకుండా నడిచి వెళ్లినవాడు. అలా నడిచినవాడు చెప్పినప్పుడు ఆ మాటకు ఉండే బరువు వేరు.

ఈ బోధను మన పెద్దలు ఎవరికి చెప్పారో చూస్తే ఒక వరస కనిపిస్తుంది. భాగవతం పంచమ స్కంధాన్ని తెలుగు చేసినవాడు గంగన. అందులో భరతుడనే రాజు రాజ్యం, పిల్లలు అన్నీ వదిలి అడవికి పోయి, తల్లి చచ్చిన జింకపిల్లను సాకి, దాని మీద బెంగతోనే చనిపోయి జింకగా పుడతాడు. మనవాళ్లు మమకారం ప్రమాదానికి ఈ కథే చెబుతారు, ఇక్కడితో ఆపేస్తారు. తర్వాతి జన్మలో అతను జడభరతుడు. రహూగణుడనే రాజు పల్లకీకి బోయీ తక్కువైతే దారిన పోతున్న ఇతన్ని పట్టుకొచ్చి కొమ్ము కింద పెట్టారు. కాలి కింద పురుగు పడుతుందేమోనని ఇతను చూసి చూసి అడుగేస్తుంటే పల్లకీ కుదుపులకు లోనైంది. రాజు వెటకారంగా తిట్టాడు. అప్పుడు నోరు విప్పిన జడభరతుడు నేను రాజును, వీడు బోయీ అన్న భావం ఎంత అబద్ధమో వివరించాడు. మోస్తున్నవాడు చెప్పాడు, ఎక్కి కూర్చున్నవాడు పల్లకీ దిగి విన్నాడు. మల్లిక చెప్పింది రాజుకే.

కృష్ణానది ఒడ్డున పేరు మిగిల్చుకున్న నాగార్జునుడు రాసిన రత్నావళి కూడా ఒక రాజుకే, సంప్రదాయం ప్రకారం ఒక శాతవాహన ప్రభువుకు. మొదటి భాగంలో నేను, నాది అన్నవి రెండూ నిలబడవని ఆయన ఆ రాజుకు తర్కంతో నిరూపిస్తాడు. ముందుకు పోతే అదే గ్రంథంలో పరిపాలన మీద సలహాలున్నాయి. గుడ్డివాళ్లకు, రోగులకు, దిక్కులేనివాళ్లకు అన్నం పెట్టమంటాడు, నీళ్లు లేని దారుల్లో చలివేంద్రాలు పెట్టమంటాడు, కరువొస్తే పన్ను తగ్గించమంటాడు. ఖైదీలను విడిచిపెట్టేదాకా వాళ్లకు మంగలి, స్నానం, తిండి, మందు, బట్ట ఏర్పాటు చేయమని కూడా రాశాడు. నేను లేదన్న పాఠం ఆ ఖైదీలకు చెప్పించమని ఎక్కడా రాయలేదు.